మలుపమ్మ ముందు తీసిన టోపీ

అనగనగా ఒక అడవిలో, మబ్బులు తగిలేంత ఎత్తు కొండ మీద, జంతువులన్నీ సైకిళ్ళు తొక్కేవి. నవ్వకండి పిల్లలూ, నిజంగానే తొక్కేవి. కోతులు వెదురు వంచి ఆ సైకిళ్ళు కట్టేవి. గట్టి చెక్కతో చక్రాలు చేసేవి. కుడిచేతి దగ్గర ఒక పుల్ల ఉండేది. దాన్ని నొక్కితే ఒక మందపాటి బెరడు ముక్క వచ్చి చక్రాన్ని ఒత్తి పట్టుకునేది. అదే బ్రేకు. ఎడమచేతికి బ్రేకు లేదు.

ఆ కొండ మీద ఉసిరికాయలున్నాయి, తేనె ఉంది, చింతపండు ఉంది. ఉప్పు మాత్రం లేదు. ఉప్పు కావాలంటే కొండ దిగి, ఏటి ఒడ్డున జరిగే సంతకి వెళ్ళాలి. సంత వారానికోసారి. ముందు చేరినవాళ్ళకి మల్లెపూవులాంటి తెల్లటి ఉప్పు దొరికేది. వెనక చేరినవాళ్ళకి అడుగున మిగిలిన మట్టి ఉప్పే దక్కేది. అందుకే సంతరోజు తెల్లవారగానే అందరూ ఉప్పుకి మార్చుకోడానికి ఉసిరికాయలో చింతపండో బుట్టల్లో నింపి, సైకిళ్ళకి కట్టుకుని రయ్యిమని దిగిపోయేవాళ్ళు.

దారి మెలికలు మెలికలుగా ఉండేది. అన్నిటికన్నా ఏటవాలుగా ఉన్న మెలిక దగ్గర, పసుపు రాసి కుంకుమ పెట్టిన ఒక నల్లరాయి ఉండేది. ఆవిడే మలుపమ్మ. కొండని కాచే తల్లి. ఆవిడ ముందు ఎవరూ తల కప్పుకుని పోకూడదు. అది తాతల నాటి ఆచారం. ఎండకి తలమీద ఆకు పెట్టుకున్నవాళ్ళు, చలికి గుడ్డ చుట్టుకున్నవాళ్ళు, ఎవరైనా సరే, మలుపు రాగానే కుడిచేత్తో అది తీసి, తల వంచి, మళ్ళీ పెట్టుకునేవాళ్ళు. తల్లి ముందు ఎడమచెయ్యి ఎత్తకూడదు కదా, అందుకని కుడిచెయ్యే. సైకిలు మాత్రం ఆపేవాళ్ళు కాదు. ఆపితే తెల్ల ఉప్పు దక్కదు.

ఆ కొండ మీద నూకాలు అనే నక్క ఉండేది. దాని మొగుడు అప్పన్న. ఒకసారి సంతకి దిగుతుంటే అప్పన్న సైకిలు చక్రం రాయి మీద ఎక్కింది. అప్పన్న ఎగిరి పడ్డాడు. తల నేలకి కొట్టుకుంది. నెత్తురు చుక్క రాలేదు. వెంటనే లేచి, దుమ్ము దులుపుకుని, "నాకేం కాలేదు, పదండి పదండి" అని నవ్వాడు. సంతకి వెళ్ళాడు. ఉప్పు తెచ్చాడు. ఇంటికొచ్చి, "తల కొంచెం బరువుగా ఉందే, కాసేపు పడుకుంటాను" అన్నాడు. పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

నూకాలుకి ఒక్కడే కొడుకు. పేరు గవరయ్య. తండ్రి పోయాక సంతకి వెళ్ళే పని వాడి మీద పడింది. వాడు మొదటిసారి సైకిలు బయటికి తీసిన రోజు నూకాలు వాకిట్లో కూలబడిపోయింది. వద్దనలేదు. వద్దంటే ఇంట్లో ఉప్పు లేదు. కానీ ఆ రోజునించే ఆలోచించడం మొదలుపెట్టింది.

దొడ్లో సొరపాదు ఉంది. బాగా ఎండిన సొరకాయని తీసుకుంది. సగానికి కోసింది. లోపల ఎండు పీచూ గింజలూ గీకేసింది. బూరుగు దూది ఒత్తుగా పరిచి, గుడ్డ వేసి కుట్టింది. గెడ్డం కింద కట్టుకోవడానికి నార పేనింది. తయారయ్యాక దాన్ని రాయితో గట్టిగా కొట్టి చూసింది. పెంకు బీటవేసింది, దూది మాత్రం నొక్కుకుని మళ్ళీ పొంగింది. "చాలు" అనుకుంది. ఇంకోటి కుట్టింది.

"గవరా, ఇలా రా. ఇది పెట్టుకో."

"ఏంటమ్మా ఇది! అందరూ నవ్వుతారు."

"నవ్వనీ నాన్నా. నవ్వితే నీకేం దెబ్బ తగలదు. సైకిలు మీద ఉన్నంతసేపు ఇది తియ్యకు."

"మరి మలుపమ్మ దగ్గర?"

"అక్కడ సైకిలు దిగు. బుట్ట కింద పెట్టు. అప్పుడు టోపీ తీసి, తల్లికి కడుపునిండా దణ్ణం పెట్టుకో. మళ్ళీ పెట్టుకుని ఎక్కు."

"ఉప్పు అయిపోతుందమ్మా."

"మట్టి ఉప్పు నేను కడుక్కుంటాను. వెళ్ళిరా."

గవరయ్య మంచి పిల్లాడు. అమ్మ చెప్పినట్టే చేశాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది తవుడు. తవుడు ఒక కుందేలు. కొండ మొత్తానికి సైకిలు తొక్కడంలో మొనగాడు. గవరయ్యకి స్నేహితుడు కూడా.

"ఒరేయ్ గవరా, మీ అమ్మ నిన్ను కుండలో పెట్టి వండుదామనుకుంటోందా ఏంటి? మూత కూడా పెట్టేసింది!"

వెనకాల పిల్లజంతువులన్నీ కిలకిలమన్నాయి. గవరయ్య చెవులు ఎర్రబడ్డాయి. కొన్నాళ్ళకి వాడు ఇంటి దగ్గర టోపీ పెట్టుకోవడం, మొదటి మెలిక దాటగానే తీసి బుట్టలో దాచేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉప్పు ఒంపుతుంటే, ఆ టోపీలో ఉసిరాకులు నూకాలుకి కనిపించాయి. తలమీద ఉండాల్సిన టోపీలోకి బుట్టలో ఆకులు ఎలా వచ్చాయో ఆవిడకి వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

ఆ వారమే ఇంకో ఘోరం జరిగింది. ఏదుపంది కూతురు ముత్యాలు సైకిలు మీదనించి పడింది. ఆ పిల్ల బతికింది. కానీ ఎలా బతికింది? కళ్ళు తెరిచి ఉంటాయి, చూపు ఉండదు. వాళ్ళమ్మ ముద్ద కలిపి నోటికి అందిస్తే, "నువ్వెవరు?" అంటుంది. పొద్దున అడుగుతుంది. సాయంత్రం మళ్ళీ అడుగుతుంది. ఆ తల్లి ప్రతిసారీ, "నేను మీ అమ్మనే బంగారం" అని మొదటిసారి చెప్పినట్టే చెప్పేది.

నూకాలు వెళ్ళి ఆ పిల్లని చూసింది. చూసి, తిన్నగా కొండ పెద్ద దగ్గరికి నడిచింది.

కొండ పెద్ద ఒక ముసలి ఎలుగుబంటి. పేరు జోగయ్య. మనసు మంచిదే. ఎవరొచ్చినా తేనె పెట్టకుండా పంపేవాడు కాదు. ఎవరి మనసూ నొప్పించేవాడు కాదు. అదే ఆయన గుణం, అదే ఆయన లోపం.

"తాతా, అందరికీ ఒక కట్టుబాటు పెట్టు. సైకిలెక్కితే తలకి టోపీ ఉండి తీరాలి" అంది నూకాలు.

"నీ కొడుక్కి నువ్వు పెట్టుకున్నావుగా తల్లీ. మిగతావాళ్ళ గొడవ మనకెందుకు?"

"వాడొక్కడే పెట్టుకుంటే వాణ్ణి నవ్వుతున్నారు. నవ్వుతున్నారని వాడు తీసేస్తున్నాడు. అందరూ పెట్టుకుంటే ఎవరు ఎవర్ని చూసి నవ్వుతారు? నేను ఇంట్లో ఎంత చెప్పినా, ఆ ధైర్యం వాడికి ఊరే ఇవ్వాలి తాతా."

జోగయ్య గెడ్డం గోక్కున్నాడు. "సరే, అందర్నీ పిలుద్దాం" అన్నాడు.

వడ్రంగిపిట్ట బోలు మాను మీద టకటకా దండోరా వేసింది. జంతువులన్నీ జోగయ్య గుహ ముందు కూర్చున్నాయి. నూకాలు తన మాట చెప్పింది. ముందుగా తవుడు లేచాడు.

"నా తల, నా ఇష్టం. పగిలితే నాదే పగుల్తుంది. నా తల గురించి మీకెందుకు తీర్మానాలు? పైగా ఇంత పొడుగు చెవులు ఆ చిప్పలో ఎక్కడ పడతాయి? ముందు దారిలో రాళ్ళు తీయించండి. ఆ అడవిదున్నలు అడ్డదిడ్డంగా పరిగెడుతూ మమ్మల్ని తోసేస్తున్నాయి, వాటిని ఆపండి. వాటినేమీ అనరు. పడ్డవాడి మీదే మళ్ళీ కట్టుబాటా?"

"బాగా చెప్పాడు!" అని కుర్రకారు అరిచింది.

నూకాలు గొంతు పెంచలేదు. "రాళ్ళు తీయించాలి నాయనా, నువ్వన్నది నిజం. దున్నల్ని కూడా ఆపాలి. ఆ పనికి నేనే ముందు గంప పట్టుకుని వస్తాను. అవి తీసేలోపు సంత ఆగదు కదా. ఇక నీ తల అంటావా, అది నీ ఒక్కడిదే అయితే, మీ అప్పన్న మావ తల పగిలినప్పుడు నా పొయ్యి ఎందుకు ఆరిపోయింది? ముత్యాలు తల పగిలితే ఇవాళ వాళ్ళమ్మ ఎందుకు ఏడుస్తోంది? చెవులదేముంది, రెండు కన్నాలు పెట్టి నేనే కుట్టిస్తాను."

తవుడు ముత్యాలు తల్లి వైపు చూసి కూర్చుండిపోయాడు.

తర్వాత ఒక ఉడుత లేచింది. నడుముకి పిల్లని కట్టుకుని ఉంది. "నక్క వదినా, నీకు దొడ్డి ఉంది, సొరపాదు ఉంది. చెట్టు తొర్రలో ఉండేవాళ్ళం, మాకు సొరకాయ ఎక్కడిది? టోపీ లేదని మమ్మల్ని సంతకి పోనివ్వకపోతే మా పిల్లలు చప్పిడి కూడే తినాలా?"

"నా పాదు మీదున్న కాయలన్నీ కొండకే ఇచ్చేస్తాను. వచ్చే వానలకి ప్రతి ఇంటికీ విత్తనం ఇస్తాను. నీ పిల్లలకి చిన్న కాయలు చాలు, దూది కూడా నేనే కూరుతాను" అంది నూకాలు. ఉడుత సంతోషంగా కూర్చుంది.

మూడోది కొండముచ్చు లేచింది. పేరు సన్నాసయ్య. మలుపమ్మకి పూజారి. రోజూ తెల్లవారకముందే లేచి, ఏటినీళ్ళు కావిడితో కొండెక్కించి తల్లికి స్నానం చేయించేవాడు. తల్లంటే ప్రాణం.

"మీరు మిగతా మెలికల్లో ఏ చిప్పలు పెట్టుకుంటారో పెట్టుకోండి. నాకు అక్కర్లేదు. మలుపమ్మ ముందు మాత్రం తల కప్పుకుని పోతే నేను ఒప్పుకోను. వానలు పడవు. పిల్లలకి జబ్బులొస్తాయి. ఆ పాపం ఎవరు మోస్తారు?"

నూకాలు రెండు చేతులూ జోడించింది. "సన్నాసయ్యా, తల్లిని నేనూ కొలుస్తాను. మా నాయనమ్మ చెప్పేది విను. వాళ్ళ కాలంలో సైకిళ్ళు లేవు. నెత్తిన బరువులు పెట్టుకుని నడిచేవాళ్ళు. మలుపు దగ్గరికి రాగానే బరువు దించేవాళ్ళు. నెత్తిమీద చుట్టకుదురు తీసి పక్కన పెట్టి, కూర్చుని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. చెమట ఆరేదాకా ఆగి, అప్పుడు లేచేవాళ్ళు. అదీ ఆచారం. ఆగమని అమ్మ మాట. మనం ఆగడం మానేశాం, తీయడం ఒక్కటే ఉంచుకున్నాం. ఇప్పుడు కూడా తీద్దాం. దిగి తీద్దాం. అంతే నేను అడిగేది."

కొందరు పెద్దవాళ్ళు తలలూపారు. ఇంతలో వెనకనించి ఎవరో, "దిగితే తెల్ల ఉప్పు మీ నాయనమ్మ తెస్తుందా?" అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

సన్నాసయ్య కూడా నవ్వాడు. "నక్క మనకి పూజలు నేర్పుతోంది, వినండి!" అన్నాడు.

నూకాలు తల వంచుకుని కూర్చుంది. జోగయ్య అన్నీ విన్నాడు. నక్క చెప్పినదే సరైనదని ఆయనకి లోపల తెలుసు. ఆయన నాయనమ్మ కూడా అలాగే చుట్టకుదురు దించి దణ్ణం పెట్టడం చిన్నప్పుడు ఆయన కళ్ళారా చూశాడు. కానీ ఆ మాట అంటే పూజారికి కోపం. కుర్రాళ్ళకి కోపం. టోపీ వద్దంటే నూకాలుకీ, ముత్యాలు తల్లికీ ఏడుపు. ఎవర్నీ నొప్పించకుండా ఎలాగా అని చాలాసేపు ఆలోచించి, లేచాడు.

"ఇవాళ్టినించి సైకిలెక్కినవాళ్ళు టోపీ పెట్టుకోవాలి. మలుపమ్మ దగ్గర మటుకు, పూర్వం లాగే, కుడిచేత్తో తీసి తల వంచి పోవాలి. మలుపు దాటగానే పెట్టుకోవాలి. రెండిట్లో ఏది తప్పినా ఆ వారం తెచ్చిన ఉప్పు తీసేసుకుంటాం."

అందరూ చప్పట్లు కొట్టారు. తవుడు కూడా కొట్టాడు. అందరూ వెళ్ళాక నూకాలు ఒక్కతే ఆగింది.

"తాతా, 'దిగి' అని ఒక్క మాట కలుపు."

"ఎంత మలుపు అది నూకాలూ? కళ్ళు మూసి తెరిచేలోపు దాటేస్తారు. వెయ్యి మెలికల్లో టోపీ ఉండేలా చేశాను కదా. ఒక్క మెలిక వదిలెయ్ తల్లీ. అందరూ సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు, చూశావా?"

"ఆ ఒక్క మెలికే అన్నిటికన్నా ఏటవాలు తాతా" అంది నూకాలు. జోగయ్య తేనెపట్టు ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

నూకాలు ఇంటి ముందు సొరకాయలు గుట్టగా పోశారు. ఉడుత, ముత్యాలు తల్లి, కోతులు, అందరూ కూర్చుని కుట్టారు. తవుడి టోపీకి రెండు కన్నాలు పెట్టారు. గవరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏరా తవుడూ, నిన్ను కూడా మీ అమ్మ వండేస్తోందా?" అన్నాడు. తవుడు వాణ్ణి తరుముకున్నాడు. కొడుకు నవ్వడం నూకాలు చాలాకాలానికి చూసింది.

కట్టుబాటు మంచే చేసింది. ఆ వర్షాకాలం తవుడు బురదలో జారి బండకి కొట్టుకున్నాడు. టోపీ రెండు ముక్కలైంది. తవుడు లేచి కూర్చుని తల తడుముకున్నాడు. చెవులు తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. వాడు ఆ రెండు ముక్కలూ పట్టుకుని నూకాలు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఇది నా తల అయి ఉంటే!"

నూకాలు వాడికి ఇంకో టోపీ ఇచ్చి, నార తనే గట్టిగా కట్టింది.

కానీ మలుపు దగ్గర మాత్రం పరిస్థితి వేరేగా తయారైంది. ఇదివరకు సగంమంది తలమీద ఏమీ ఉండేది కాదు. వాళ్ళు రెండు చేతులతో పట్టుకుని తల వంచి పోయేవాళ్ళు. ఇప్పుడు కొండలో ప్రతి ఒక్కరి తలమీదా టోపీ. మలుపు రాగానే ప్రతి ఒక్కరి కుడిచెయ్యీ గెడ్డం కింద ముడి లాగి, టోపీతో గాల్లోకి లేవాలి. సన్నాసయ్య రాయి పక్కనే కర్ర పట్టుకుని నిలబడి, ఎవరు తీశారు, ఎవరు తీయలేదు అని చూసేవాడు.

గవరయ్య ఒక్కడే దిగేవాడు. మలుపు ఇరుకు. వాడు దిగితే వెనకవాళ్ళు ఆగాలి.

"ఒరేయ్ నక్కపిల్లా, అడ్డు లేవరా! ఇక్కడ కాపురం పెడతావా?"

"దారిమధ్యలో భక్తి ఏంట్రా నీకు?"

సన్నాసయ్య వెళ్ళి జోగయ్యతో చెప్పాడు. జోగయ్య గవరయ్యని పిలిపించాడు. తేనె పెట్టాడు.

"నీ మూలంగా అందరూ తిట్టుకుంటున్నారు నాన్నా. తీసి తల వంచి పొమ్మన్నానే గానీ దిగమన్నానా? అందరూ ఎలా పోతే నువ్వూ అలాగే పో. నా మాట కాదనకు."

గవరయ్య ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. "ఏం చెయ్యనమ్మా?"

నూకాలు పొయ్యి ముందు కూర్చుంది. కట్టుబాటు కావాలని గుహ ముందు నిలబడి అడిగింది తనే. అందరి ఇళ్ళకీ వెళ్ళి, "పెద్దాయన మాట వినాలి, టోపీ పెట్టుకోండి" అని చెప్పింది తనే. ఇప్పుడు తన కొడుకే ఆ పెద్దాయన మాట కాదంటే? రేపు తవుడు కూడా కాదంటాడు. ముత్యాలు తమ్ముడు కాదంటాడు. టోపీలన్నీ మళ్ళీ బుట్టల్లోకి పోతాయి.

"పెద్దాయన చెప్పాడు కదా" అంది చివరికి. "అలాగే చెయ్యి. మెల్లిగా పో నాన్నా. అందరికన్నా వెనక పో."

తర్వాతి సంతకి గవరయ్య అందరికన్నా వెనకే బయల్దేరాడు. మంచు పట్టి దారి తడిగా ఉంది. మెలికలన్నీ నెమ్మదిగా దిగాడు. బ్రేకు మీద వేళ్ళు తీయలేదు. మలుపమ్మ రాయి కనిపించింది. పక్కన సన్నాసయ్య కర్ర కనిపించింది. గవరయ్య కుడిచెయ్యి బ్రేకు మీదనించి తీశాడు. టోపీ తీశాడు. తల వంచాడు.

అప్పుడే ముందు పోతున్న అడవిపంది బుట్ట తెగింది. చింతపండు ఉండలు దారంతా దొర్లాయి.

గవరయ్య వేళ్ళు బ్రేకు కోసం వెతికాయి. ఆ వేళ్ళలో టోపీ ఉంది. టోపీ వదిలేయాలని వాడికి తోచలేదు. అమ్మ కుట్టిన టోపీ కదా. చక్రం జారింది. వాడు ఎగిరి, మలుపమ్మ ముందున్న బండమీద పడ్డాడు.

సన్నాసయ్య కర్ర పారేసి పరిగెత్తాడు. పిల్లాడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. తల్లి స్నానానికి తెచ్చిన నీళ్ళు వాడి నోట్లో పోశాడు. నీళ్ళు లోపలికి పోలేదు. గవరయ్య కుడిచేతిలో టోపీ చెక్కు చెదరకుండా ఉంది.

తవుడు వాణ్ణి వీపున మోసుకుని కొండెక్కాడు. మధ్యలో ఎవరు చెయ్యి వెయ్యబోయినా ఒప్పుకోలేదు. ఇంటి ముందు దించి, "అత్తా..." అని నేలమీద కూర్చుండిపోయాడు.

నూకాలు కొడుకు తలని మెల్లగా తాకింది. జుట్టులో ఇరుక్కున్న ఆకు ఒకటి తీసింది. సన్నాసయ్య వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఏమనాలో తెలియక, పూజారులు అనే మాటే అన్నాడు.

"తల్లి తన పాదాల దగ్గరికి పిలుచుకుందమ్మా. అదృష్టవంతుడు."

నూకాలు తలెత్తింది. "అమ్మ మీద వెయ్యకు సన్నాసయ్యా. ఆవిడ బిడ్డల్ని కన్న తల్లి. బ్రేకు మీదనించి చెయ్యి తీసి చావమని అడగదు. అడిగింది మనం."

సన్నాసయ్య మొహం చేతుల్లో కప్పుకున్నాడు.

వాణ్ణి మట్టి చేసి వచ్చారు. సంతకి ముందురోజు పొద్దున్నే జోగయ్య నూకాలు ఇంటికి వచ్చాడు. నడవలేక నడవలేక వచ్చాడు. ఈసారి తేనె తేలేదు. గుమ్మం దగ్గర నేలమీదే కూర్చున్నాడు. నూకాలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు.

"నన్ను తిట్టు నూకాలూ."

ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. మా నాయనమ్మ కూడా దిగేది. నేను చెప్పలేకపోయాను. ఎవరి మనసూ కష్టపెట్టకూడదనుకున్నాను."

"ఎవరి మనసూ కష్టపెట్టలేదు తాతా" అంది నూకాలు. "అందరూ సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు. నా కొడుకొక్కడే రాలేదు."

జోగయ్య ఏడ్చాడు. ముసలి ఎలుగుబంటి ఏడిస్తే ఎలా ఉంటుందో ఆ కొండ అంతకుముందు వినలేదు. నూకాలు ఆయన్ని ఏడవనిచ్చింది. కాసేపటికి అడిగింది.

"తాతా, రేపు సంతే కదా?"

"ఆ."

"పిల్లలు దిగుతున్నారా?"

"దిగుతున్నారు తల్లీ. ఉప్పు లేకపోతే ఎలా?"

"కట్టుబాటు మార్చావా?"

"నీ దగ్గరికి వచ్చి, నిన్ను అడిగి, నీ కాళ్ళు పట్టుకుని, ఆ తర్వాత..."

"నా కాళ్ళతో పనేముంది?" నూకాలు గొంతు మొదటిసారి గట్టిగా పలికింది. "ఇక్కడ ఎందుకు కూర్చున్నావు? లే తాతా. తవుడి చెల్లెలు రేపు మొదటిసారి సైకిలెక్కుతోంది. నా గుమ్మంలో ఏడుస్తూ కూర్చుంటే ఆ పిల్లకి ఎవరు చెబుతారు? పూజారికి కోపం వస్తే రానీ. కుర్రాళ్ళు తిడితే తిట్టనీ. లే!"

జోగయ్య లేచాడు. తలుపు పట్టుకుని లేచాడు. మెల్లగా నడక మొదలుపెట్టి, దొడ్డి దాటేసరికి పరిగెడుతున్నాడు.

కాసేపటికి బోలు మాను మీద వడ్రంగిపిట్ట దండోరా మోగింది. అందరూ బయటికి వచ్చారు. జోగయ్య గొంతు కొండంతా వినిపించింది.

"సైకిలెక్కినవాళ్ళ తలమీద టోపీ ఉండి తీరాలి. సైకిలు మీద ఉండగా ఎక్కడా తీయకూడదు. ఎవరికోసమూ తీయకూడదు. మలుపమ్మ దగ్గర ప్రతి ఒక్కరూ దిగాలి. బరువు దించి, అప్పుడు టోపీ తీసి, దణ్ణం పెట్టుకోవాలి. ముందు నేను దిగుతాను. నా పక్కన సన్నాసయ్య దిగుతాడు. రేపటినించి తెచ్చిన ఉప్పంతా నా గుహ ముందు ఒకే రాశి పొయ్యాలి. ముందొచ్చినా వెనకొచ్చినా అందరికీ ఒకే ఉప్పు. కోపం వచ్చినవాళ్ళు నా దగ్గరికి రండి. మాట మాత్రం మారదు."

నూకాలు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నది. ఎక్కడైనా ఒక మాట తగ్గుతుందేమో అని చెవులు రిక్కించి విన్నది. ఒక్కటీ తగ్గలేదు.

అప్పుడు లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, కొడుకు పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

నీతి: ప్రాణం కాపాడే కట్టుబాటుని అందరి మెప్పు కోసం సగం చేస్తే, మిగిలిన ఆ సగంలోనే ప్రాణం పోతుంది.